గోడ తట్టిన పెళ్లికొడుకు

ఢిల్లీలోని నిర్మాణ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ఓవర్సీర్ ఒకాయన 1950లలో మా శాలిబండ ఇంటికి అక్కను చూడటానికి వచ్చాడు. మా నగరంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు కడుతున్న క్వార్టర్ల పని ఆయన చూసేవాడు. ఏ గోడ కనిపించినా వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినడం ఆయన అలవాటు. ఎవరేం అడిగినా "పైకి రాసి చెప్త" అనడం ఆ ఉద్యోగం నేర్పింది.

అక్క వచ్చి కూర్చుంది. ఆయన ఒకసారి చూసి, తల దించుకుని, పక్కనున్న గోడను తట్టాడు.

"లోపల చెమ్మ వట్టింది. సున్నం వదులైంది."

"గోడ సంగతి తర్వాత. పిల్ల నచ్చిందా?" అన్నాడు మా బాపు.

"పైకి రాసి చెప్త."

బాపుకు మండింది. "ఏందయ్యా, పిల్ల నచ్చిందనేటందుకు గుడ ఢిల్లీ మంజూరీ కావాల్నా?"

ఆయన చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. సంబంధం తప్పిపోయిందనే అందరం అనుకున్నాం. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదని నా డైరీలో ఉంది.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే ఆయనే, ఒక చేతిలో తాపీ, మరో చేతిలో తడి సున్నం బకెట్.

"పైనుంచి జవాబొచ్చిందా?" అని బాపు ఎత్తిపొడిచాడు.

"ఇంక రాలే మామా. గప్పటిదాంక మన గోడ ఆగేటట్టు లేదు."

లోపల అక్క పకపకా నవ్వింది.

పెళ్లయింది కానీ, నచ్చిందన్న మాట మాత్రం బావ చివరిదాకా నోటితో అనలేదు. అక్క అడిగినప్పుడల్లా, "రాసిన. జవాబు రావాలె" అనేవాడు.