అమ్మ ఎక్కి చూసిన ర్యాలీ కారు

ఆ రోజుల్లో, అంటే ఉప్పల్ చౌరస్తా మీద ఇంకా మెట్రో నీడ పడని కాలంలో, వేగం నాకు డైరీలో రాసుకునే విషయం మాత్రమే. నలభై దాటాక నాచారంలో ఒక చిన్న షెడ్డులో కార్లను పరీక్షించే పనికి చేరాను (జుట్టు పలచబడినా ఆ విద్యలో కుర్రవాణ్ణే). మామూలు కారు తెచ్చి, వెనక సీటు పీకేసి, లోపల ఇనుప గొట్టాలతో పంజరం బిగించి, ర్యాలీ పందేలకు వెళ్లేవాళ్లకు అమ్మాలన్నది మా సేటు ఆలోచన. చర్లపల్లి అవతల క్వారీ మట్టిదారిలో దాన్ని పరుగెత్తించి, ఏది వదులైందో ఏది వేడెక్కిందో రాయడం నా పని.

మొదటి కారుకు భువనగిరి కుర్రాడొకడు వచ్చి మురిసిపోయాడు గాని, వాళ్లమ్మ ఒప్పుకోలేదు. భర్త లారీ బోల్తాపడి పోయాక ఆమె ఒక్కతే వాణ్ణి పెంచింది. కారు అప్పగించాల్సిన రోజు క్వారీకి ఆమే వచ్చి, పంజరాన్ని తడిమి చూసి, "ముందుగాల నేను కూసుంట. నేను సక్కగ దిగితెనే నా కొడుకు ఎక్కుతడు" అంది. సేటు నన్ను పక్కకు లాగి, "జర మెల్లగ పోనియ్యి భయ్, ఈమె వద్దంటే మన షెడ్డుకు తాళమే" అన్నాడు.

కొంగు నడుముకు చుట్టి, కొప్పు విప్పి హెల్మెట్ పెట్టుకుని, భుజాల మీదుగా బెల్టులు బిగించుకుందామె. పాల క్యాన్ల సైకిలు మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా మొదటి చుట్టు తిప్పాను (ఎంతో మర్యాదగా నడుపుతున్నానని లోలోపల సంతృప్తి కూడా).

"నా కొడుకు గిట్లనే నడుపుతడా అన్నా?"

"లేదమ్మా, కాస్త వేగంగా..."

"మరి గిదేంది? పెండ్లిపిల్లను తోల్కపోతున్నవా? వాడెట్ల నడుపుతడో గట్ల నడుపు."

నడిపాను. కంకర కింద టపటపా కొట్టింది, గట్టు దగ్గర చక్రాలు నేల వదిలాయి. ఆమె అరవలేదు, అరుపు నాదేనని తర్వాత సేటు చెప్పాడు. చివరి మలుపులో వెనక భాగం జారి, మట్టికుప్ప ఎక్కి, కారు ఎంతో నింపాదిగా పక్కకు ఒరిగి పడుకుంది. దుమ్ములో నేను కింద, బెల్టులకు వేలాడుతూ ఆమె పైన.

"అమ్మా, దెబ్బ తగిలిందా?"

ఆమె కాళ్లు కదిపి చూసుకుంది. చేతులు చూసుకుంది. తర్వాత తలమీది గొట్టాన్ని తట్టి, "ఒంగలే" అంది.

కొడుకు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి ఆమెను పైకి లాగాడు. వాడి చెంపలు తుడుస్తూ ఆమె, "మీ నాయిన లారీల గిసోంటి గొట్టాలు లేకపాయె" అంది. తర్వాత కారు వైపు చెయ్యి చూపి, "తీస్కో బిడ్డా. కని గీ అన్నను మాత్రం స్టీరింగు ముట్టనియ్యకు" అంది.

ఆ సాయంత్రం డైరీలో 'పంజరం: సంతృప్తికరం' అని రాసి కలం మూసేశాను. అంతకంటే పద్ధతిగా రాయడానికి మాట దొరకలేదు. ఆనాటి ఆమె వయసు నేను దాటి చాలా కాలమైంది. ఇప్పుడు మా పిల్లలెవరైనా కొత్త బండి తెస్తే, ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పమంటాను. బెల్టు నేను బిగించుకునేలోపే, ఈ కథ వినివిని ఉన్న వాళ్లు నవ్వడం మొదలుపెడతారు.