అక్క అన్నానికి వెళ్ళిన అరగంట

పోయిన నెల ఒక గురువారం పొద్దున్న కైకలూరులో చేపల మేత కొట్టు దగ్గర ఉండగా ఫోన్ మోగింది. ఏలూరు ల్యాబులో చీటీలు రాసే అమ్మాయి. "మన ఈసీజీ అక్క పోయారండీ. మీకు చెప్పమని వాళ్ళాయన గారు అన్నారు" అంది. రెండేళ్ళుగా కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి. ఊహించని కబురేం కాదు. అయినా మేత బస్తా మీద కూలబడ్డాను. "ఎవరండీ, దగ్గర చుట్టాలా?" అని కొట్టాయన అడిగాడు. తల ఊపాను.

చుట్టం కాదు. నా గుండె ఎలా కొట్టుకుంటోందో ఇరవై ఏళ్ళు కాయితం మీద చూస్తూ వచ్చిన మనిషి. నేనివాళ బతికున్నానంటే ఆవిడ చలవే. అలాంటి మనిషికి నేనొక అబద్ధం చెప్పాను. అది సరిదిద్దుకోవడానికి పదేళ్ళు గడువు దొరికింది, సరిదిద్దుకోలేదు. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు కలిదిండి స్కూల్లో కబడ్డీ ఆడుతూ పడిపోయాను. మగపిల్లాడు పడిపోయాడని ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. సాయంత్రానికల్లా కారు మాట్లాడి ఏలూరు తీసుకెళ్ళారు. ఆస్పత్రి మేడ మీద, ల్యాబులోని ఇరుకు గదిలో అక్క ఉన్నారు. ఛాతీకి పెట్టే చిన్న లోహపు గిన్నెలు చల్లగా ఉంటాయని, వాటిని గుప్పిట్లో కాసేపు పట్టుకుని వెచ్చబడ్డాక పెట్టారు. మిషన్లోంచి వచ్చిన కాయితం చూసి మా నాన్న చేతికి ఇవ్వలేదు. ఆవిడే పట్టుకుని గబగబా మెట్లు దిగి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. ఆ కాయితంతోనే నా జబ్బు బయటపడింది, మాత్రలు మొదలయ్యాయి.

జబ్బు పేరు నాకిప్పటికీ నోరు తిరగదు. పుట్టుకతో వచ్చేదట, ఒకే ఇంట్లో ఇంకొకరికీ ఉండొచ్చట. ఇంటిల్లిపాదికీ ఈసీజీ తీయించమన్నారు డాక్టరు గారు. నాన్న తీయించుకున్నాడు. అమ్మకీ చెల్లికీ చూద్దాంలే అన్నాడు. చెల్లికి అప్పుడు పదేళ్ళు. చెరువు గట్టు మీద నాకంటే వేగంగా పరిగెత్తేది. దానికేం జబ్బని అందరం అనుకున్నాం.

అక్కది తాడేపల్లిగూడెం. రోజూ పాసింజరు రైల్లో వచ్చేవారు. భీమడోలు దాటేలోపు సాయంత్రం కూరకి చిక్కుడుకాయల ఈనెలు తీసేస్తానని చెప్పేవారు. ఇంటి దగ్గర ఉతికిన తెల్లదుప్పట్లు రెండు సంచిలో తెచ్చుకునేవారు. ఆడవాళ్ళు వస్తే మొగుడైనా తండ్రైనా సరే గది బయటికి పంపి, ఫ్యాను ఆపి, దుప్పటి కప్పి, దాని కిందనుంచే తీగలు పెట్టేవారు. కొందరు జాకెట్టు మీదే తీసేయమని బతిమాలేవారు. "గుండె చూపించుకోడానికొచ్చి జాకెట్టు చూపించి వెళ్తే ఎలాగండీ?" అని నవ్వించి మరీ ఒప్పించేవారు. కోప్పడటం నేను చూళ్ళేదు.

ఏటా నేను వెళ్ళినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే. "మీ చెల్లిని తీసుకురాలేదేం బాబూ?"

నాకు మీసాలొచ్చిన ఏడు అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు కాయితాలు చూపించారు. ఒకటి ఎవరో కుర్రాడిది, ఇంకొకటి అమ్మాయిది. ఇద్దరికీ ఏ జబ్బూ లేదు.

"గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకోడానికి సర్దుకుంటుంది కదా బాబూ. వయసొచ్చాక మగపిల్లలకి ఆ సర్దుకోడం కాస్త తొందరగా అవుతుంది. ఆడపిల్లలకి కొంచెం ఆలస్యం. మామూలు మనుషులకి దానివల్ల నష్టం ఏమీ లేదు. మీ జబ్బే ఆ ఆలస్యం జబ్బు. అది ఉన్నవాళ్ళకి మాత్రం తేడా తెలుస్తుంది. చిన్నప్పుడు మగపిల్లలకి గండం ఎక్కువ. నువ్వు గట్టెక్కే వయసులో మీ చెల్లికి మొదలవుతుంది. నా మాట విని తీసుకురా."

"అలాగేనండి అక్కా" అన్నాను. మా వైపు అలాగేనండి అంటే చేస్తానని కాదు, ఇక అడగొద్దని. ఏళ్ళ తరబడి ఆవిడకి ఆ మాటే చెప్పాను.

చెల్లికి పంతొమ్మిదో ఏట మొదటిసారి కళ్ళు తిరిగాయి. కాలేజీ బస్సు దిగుతూ పడిపోయింది. కారు మాట్లాడలేదు. రక్తం తక్కువ, తిండి సరిగ్గా తినదు, ఈ వయసు ఆడపిల్లలకి మామూలే అన్నారు. అమ్మ బీట్‌రూట్ కొనమంది, నేను కొన్నాను. రెండోసారి పడిపోతే ఎర్ర టానిక్ సీసా తెచ్చాను. నా బల్ల మీద నా మాత్రలు ఉన్నాయి. రోజూ వేసుకుంటున్నాను. అయినా నా బుర్రకి తట్టలేదు. తట్టలేదని కూడా కాదు, తట్టనివ్వలేదు. మూడోసారి పెరట్లో పడి మోచెయ్యి చీరుకుపోయాక, అక్క మాట గుర్తొచ్చి భయమేసింది. ఒక బుధవారం ఏలూరు తీసుకెళ్ళాను.

మేము వెళ్ళేసరికి అక్క అన్నానికి వెళ్ళారు. గదిలో కొత్తగా చేరిన ఒకాయన ఉన్నాడు, పద్ధతైన మనిషి. పైన కుర్తా తీసి పడుకోవాలి, దుప్పటి కప్పుతాను అన్నాడు. చివరికి ఏమైందంటే చేతులకీ కాళ్ళకీ తీగలు తగిలించి, ఛాతీకి పెట్టాల్సినవి కుర్తా మీదే పెట్టి తీశాడు. గీతలు గజిబిజిగా వచ్చాయి. డాక్టరు గారు చూసి, ఇది పనికిరాదు, మళ్ళీ సరిగ్గా తీయించుకు రండి అన్నారు. అరగంట ఆగితే అక్క వచ్చేస్తారని చీటీల అమ్మాయి కూడా చెప్పింది. ఆ సాయంత్రం మా చెరువులో చేపల పట్టుబడి, ఐసు లారీ బయల్దేరిపోయింది. సోమవారం వస్తామని చెప్పి చెల్లిని బస్సెక్కించాను.

ఆదివారం పొద్దున్న చెల్లి ఫోన్లో అలారం మోగింది. ఎంతకీ ఆగలేదు. కేకలేద్దామని అమ్మ దాని గదిలోకి వెళ్ళింది.

ఇలాంటి గుండెలకి ఒక్కోసారి ఉలికిపాటు చాలట. అది కూడా తర్వాత అక్కే చెప్పారు.

పది రోజులకి అక్కా వాళ్ళాయనా బస్సెక్కి కలిదిండి పరామర్శకి వచ్చారు. మా అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత నావైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "ఆ కాయితం నేను చూశాను బాబూ. ఛాతీ గీతలు ఒక్కటీ రాలేదు. కుర్తా మీద ఎందుకు తీయించారు?"

గదినిండా చుట్టాలు. అమ్మ, నాన్న, అందరూ నన్నే చూస్తున్నారు. "చెల్లి సిగ్గుపడిందండి. మగాయన ఉన్నాడని ఒప్పుకోలేదు" అన్నాను.

అదీ నా అబద్ధం. కుర్తా మీద తీయమన్నది నేను. పరాయి మగాడి ముందు నా చెల్లి కుర్తా తీయడమేమిటని ఆ క్షణాన నాకు తల కొట్టేసినట్టయింది. అంతే కారణం.

అక్కడున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత గుట్టైన పిల్లండీ, ఈ రోజుల్లో అలాంటి పిల్లలెక్కడున్నారు అన్నారు. చచ్చిపోయిన పిల్లని సిగ్గు ఉన్నందుకు మెచ్చుకున్నారు. అక్క వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "నేనా పూట అన్నానికి వెళ్ళకుండా ఉండాల్సింది" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ మధ్యాహ్నం ల్యాబు దాటి బయటికి వెళ్ళడం ఎవరూ చూళ్ళేదట. క్యారేజీ ఆ గదిలోనే తలుపు వేసుకుని తినేవారు. మధ్యలో ఎవరైనా అమ్మాయి వస్తే చెయ్యి కడుక్కుని లేచేవారు, తిరిగొచ్చాక చల్లారిన అన్నం తినేవారు. ఇద్దరమ్మాయిలకి పని నేర్పి, ఒకరు లేకపోతే ఒకరు ఉండేలా చూశారు. డయాలసిస్ లేని రోజుల్లో వాచిన కాళ్ళతో ఆ మెట్లెక్కేవారు. ఇంత ఓపిక ఎక్కడిదక్కా అంటే, "ఇంట్లో ఉంటే ఏం తోస్తుంది బాబూ" అనేవారు. పనంటే అంత ఇష్టమని జనం చెప్పుకునేవారు. ఎందుకో నాకు తెలుసు.

చెప్పాలని వెళ్ళేవాణ్ణి. బల్ల మీద పడుకుని ఒకసారి మొదలుపెట్టాను కూడా. "అక్కా, ఆ రోజు…" అన్నాను. "ఇప్పుడొద్దు బాబూ. దడ వస్తుంది, గీత పాడవుతుంది. పడుకో" అన్నారు. నేను చొక్కా తొడుక్కున్నాక, ఏమిటని ఆవిడ అడగలేదు. హమ్మయ్య అనుకుని వచ్చేశాను. నా పిరికితనానికి ఆ ఒక్క మాట ఏళ్ళకేళ్ళు సరిపోయింది.

ఆ గురువారం మధ్యాహ్నానికి తాడేపల్లిగూడెం చేరాను. అక్కని వసారాలో పడుకోబెట్టారు. ఎండిపోయి చిన్నపిల్లలా ఉన్నారు. వాళ్ళాయన నన్ను పక్కకి తీసుకెళ్ళారు.

"ఆఖరి వారం కూడా మీ చెల్లి సంగతేనండి. 'నేనుంటే ఆ పిల్ల సిగ్గుపడేది కాదు కదండీ, నేనుంటే బతికేది కదండీ' అని నన్నడిగేది. నేనేం చెప్పను బాబూ. అంత సిగ్గరా మీ చెల్లెలు?"

"అవునండి" అన్నాను. అక్క మూడడుగుల దూరంలో పడుకుని ఉండగా కూడా అదే అన్నాను.

కాదు. మా చెల్లి సిగ్గుపడలేదు. ఆయన చెప్పగానే చున్నీ తీసి, మడత పెట్టి తలగడ పక్కన పెట్టుకుని, బల్లెక్కి కూర్చుంది. "ఫర్వాలేదన్నయ్యా, ఆస్పత్రిలో ఏముంది? నువ్వు కాసేపు బయట కూర్చో" అంది. నేను కూర్చోలేదు. ఆ చున్నీ మడత విప్పి, నా చేతుల్తో చెల్లి భుజాల చుట్టూ కప్పాను. చెల్లి ఒకసారి నా మొహంలోకి చూసి, పడుకుంది.