ఫోన్ మోగకపోతే

అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊరికి పడమరన, పొలాల్లోని ఇళ్లకు టవర్ల మీదుగా ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ మాది. మేనేజరు గుంటూరు ఆయన. ఇంటర్నెట్‌లో ఇంటికి సొంత నంబరులాంటి పబ్లిక్ ఐపీ అడ్రసులు మాకెప్పుడూ కరువే. కొత్తవాళ్లు అడిగితే, ఎవరూ వాడనట్టున్న పాతదాన్ని ఆపేసి, ఆయన ఫోన్ పక్కన కాఫీతో కూర్చునేవారు.

"ఎవరిదైతే వాళ్లే అరుస్తారులేవయ్యా. సాయంత్రందాకా కాల్ రాకపోతే ఫ్రీ అయినట్టే."

ఆ పద్ధతి చాలాకాలం బెడిసికొట్టలేదు. ఒకసారి అలాగే ఒకటి ఆపితే ఎవరూ అరవలేదు. దాన్ని ఒక పళ్ల డాక్టరుకి ఇచ్చేశాం. ఆ వారం చివర్లో ఒక ముసలావిడ ట్రక్కు నడుపుకుంటూ ఆఫీసుకొచ్చింది. మేం ఆపింది వాళ్లింటి అడ్రసే. వాళ్ల పొలంలో సెల్ సిగ్నల్ లేదు. ఇంట్లో ఫోన్ మా ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. భర్త గుండె జబ్బు మనిషి. ఆయన దగ్గర కూర్చోవడానికి ఎవరైనా దొరికేదాకా ఆగి వచ్చిందట.

మేనేజరు తన ఇంటికున్న ఐపీని తీసి ఆవిడకిచ్చారు.

"అరవడానిక్కూడా ఫోన్ మనదేనయ్యా," అన్నారు నాతో.

తర్వాత కూడా ఆయన అడ్రసులు ఆపేవారు, ఫోన్ పక్కనే కూర్చునేవారు. అది మోగితే నవ్వేవారు. మోగకపోతే కాఫీ వదిలేసి, పొలాల్లోని ఇళ్లు చూసి రావడానికి కార్ తాళాలు అందుకునేవారు.