మా నాయన రాజుగారి బిళ్ళ

మా నాయన ఇరాక్ రాజుగారి కొలువులో పనిచేశాడు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత "ఇరాక్‌కు రాజెక్కడ?" అంటారు. ముప్పై రెండేళ్ళు బళ్ళో సోషల్ చెప్పినదాన్ని, అయినా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసుగెత్తిపోయాను. రాజులు ఉండేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లీషువాళ్ళు ఆ దేశాన్ని చేతిలోకి తీసుకుని, మక్కా వైపు నుంచి ఒకాయనను తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు. మొత్తం ముగ్గురే రాజులు. మొదటాయన పరదేశంలో పోయాడు. రెండో ఆయన కారు ప్రమాదంలో పోయాడు. మూడో ఆయన నెత్తికి కిరీటం వచ్చేనాటికి నిండా నాలుగేళ్ళు లేవు. ఆయనకు ఇరవై మూడేళ్ళప్పుడు సైన్యం తిరగబడి, ఇంట్లోవాళ్ళతో సహా కాల్చేసింది. నలభై ఏళ్ళు కూడా నిలవని రాజ్యం అది.

ఆ చివరి రాజుదీ మా నాయనదీ ఒకటే ఈడు. ఇందుకూరుపేట దగ్గరి మా పల్లె నుంచి పద్దెనిమిదో ఏట బస్రా ఓడరేవుకు పోయి, సర్కారు లాంచీలో వంట చేశాడు. రాజ్యం పోయింది, ఉద్యోగమూ పోయింది. రెండు చొక్కాలు, టోపీకి పెట్టుకునే ఇత్తడి బిళ్ళ ఒకటి వెంట తెచ్చుకున్నాడు. బిళ్ళ మీద రాజముద్ర. ఆ తర్వాత నెల్లూరులో ఒక హాస్టల్లో వంటమనిషిగా చేరి, రిటైరయ్యేదాకా సాంబారు కాచాడు. కానీ ఆదివారం చర్చికి పోవాలంటే కోటుకు ఆ బిళ్ళ ఉండాల్సిందే. శనివారం సాయంత్రం అమ్మ చింతపండు, ఇటికపొడి ముందేసుకుని దాన్ని తళతళలాడేలా తోమి, కోటుకు గుచ్చిపెట్టేది.

మాకు దాన్ని ముట్టుకునే భాగ్యం లేదు. దగ్గరికి పోతే చెయ్యి మీద ఒక దెబ్బ పడేది. దానికి బదులు పాఠం ఉండేది. అన్నాల దగ్గర, ప్రార్థన కాగానే మొదలుపెట్టేవాడు.

"పైన ఏముండాది?"

"కిరీటం."

"దాని కింద?"

"ఎర్ర శాలువా, రెండు పక్కలా పరదా మాదిరి."

"డాలును పట్టుకోనుండేది ఎవురు?"

"ఒక పక్క సింహం, ఒక పక్క గుర్రం."

"డాలు మీద?"

"రెండు నదులు, ఖర్జూరపు చెట్టు, కత్తి, ఈటె, త్రాసు."

ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఈలోపు చారు చల్లారిపోయేది. ఇంటికప్పు కారుతుంటే పట్టని మనిషి, పరదా రంగు ఎరుపు అనకుండా గులాబీ అన్నందుకు ఒకసారి నన్ను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. జులైలో ఆ రాజును చంపినరోజు వస్తే పస్తుండేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి రాజు, ఎవరి దేశం? మా ఫీజు కట్టే తేదీ గుర్తుండదు గానీ ఇది గుర్తుంటుందా అని గొణుక్కునేదాన్ని.

పోయిన ఏడాది వానల్లో ఆయన పోయాడు. పోయేముందు అడిగింది ఒకటే. "నా సమాధి మీద నా బిళ్ళ ఉండాల." సరేనన్నాను. అమ్మ ఏం చేసిందంటే, శవపెట్టెలో పెట్టేటప్పుడు కోటుకు ఆ బిళ్ళను గుచ్చేసింది. మట్టి పోశాక గానీ నాకు తెలియలేదు.

"మరి సమాధి మీద ఏం పెట్టేదమ్మా?" అని మొత్తుకున్నాను.

"బిళ్ళ లేకుండా గుడికే పోయినోడు కాదు. దేవుడికాడికి ఎట్టా పోతాడు?" అంది.

మాలో ఈస్టర్ నాటి తెల్లవారుజామున అందరం సమాధుల దగ్గరికి పోతాం. ముందే సున్నం కొట్టించి, ఆ పొద్దు పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ రోజుకు బిళ్ళ ఉండాలని అమ్మ పట్టుబట్టింది. ఆమెకు ఎనభై నాలుగు. కళ్ళు రెండూ మసకలే, మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడుతుంది. ఈ ఈస్టర్ కాకపోతే వచ్చే ఈస్టర్ చూద్దాంలే అని ఆమెతో అనే ధైర్యం నాకు లేదు.

నెల్లూరులో నేమ్‌ప్లేట్లు చెక్కే ఒకాయన దగ్గరికి పోయి, అలాంటి బిళ్ళే ఇత్తడి రేకు మీద చెక్కమన్నాను. ఫొటో తెమ్మన్నాడు. ఇంట్లో ఫొటోలన్నీ వెతికితే, బిళ్ళ ప్రతిదాంట్లోనూ ఒట్టి మెరుపు చుక్కలా ఉంది. ఇక ఫోన్లో ఆ రాజముద్ర బొమ్మలు వెతికి, చిన్నప్పటి పాఠంతో సరిచూసుకుని, ఒకటి కాగితం మీద తీయించి ఇచ్చాను.

వారం తర్వాత పోతే, కిరీటం మీద పెద్ద సిలువ పెట్టి ఉన్నాడు. క్రైస్తవుల సమాధి గదా అన్నాడు. నదులకు మన కాలువకు మాదిరి గట్లు కట్టి, తూము కూడా పెట్టాడు. మధ్యలో తాటిచెట్టు, గెలలతో సహా.

"ఇదేందయ్యా?"

"చెట్టు టీచరమ్మా. మైపాడు దోవంతా ఇయ్యే గదా ఉండేది."

"ఇది ఖర్జూరపు చెట్టయ్యా. ఆకు ఈతాకు మాదిరి ఉంటుంది. ఈతచెట్టు చూశావా లేదా?"

"చూసినా. సమాధి మీద ఈతచెట్టు ఏం బాగుంటాదమ్మా? కల్లుముంత గుర్తొస్తాది."

తాటిచెట్టును చూస్తే ఆయనకు కల్లు గుర్తురాదు కాబోలు. ఆ రేకును పక్కన పడేయించి కొత్తది మొదలుపెట్టించాను. రెండోసారి గుర్రం గాడిదలాగా వచ్చింది. మూడోసారి త్రాసు మరిచిపోయాడు. నన్ను చూస్తేనే ఆయన సుత్తి కింద పెట్టి తల పట్టుకునేవాడు. ఈ మధ్యలో పాస్టరుగారికి ఎవరో చెప్పారు. "అమ్మా, మనకు రాజు ఒక్కడే గదా. సమాధి మీద వేరే రాజు ముద్ర ఎందుకు?" అన్నారు. "అయ్యగారూ, ఈ రాజు కిరీటం పెట్టుకుంది పందొమ్మిదేళ్ళు. అదీ పోయింది. పోటీకి రాడులెండి" అన్నాను. ఆయన దగ్గి, బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఈస్టర్‌కు రెండు రోజుల ముందు రేకు చేతికొచ్చింది. అరచేయంత ఇత్తడి రేకు మీద బొమ్మలన్నీ ఉబ్బెత్తుగా తేలాయి. సింహం జూలు వెంట్రుక వెంట్రుకగా కనబడుతోంది. ఖర్జూరపు మట్టలు లెక్కపెట్టొచ్చు. అన్నాల దగ్గర ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ ఒక్కసారే జవాబు చెప్పినట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను.

ఆ తెల్లవారుజామున అమ్మను ఆటోలో తీసుకుపోయి, సమాధి అంచున కూర్చోబెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని రేకు మీద పెట్టాను. వేళ్ళు ఒకసారి అటూ ఇటూ తిరిగి ఆగిపోయాయి.

"ఇది ఎవురిది?"

"నాయనదే అమ్మా."

"కాదు."

నాకు కోపం వచ్చేసింది. ఆమె వేలును ఒక్కోదాని మీదికి జరిపి, ఇది కిరీటం, ఇది సింహం, ఇది మొహం, ఇది గుర్రం అని బళ్ళో చెప్పినట్టు చెప్పాను.

"సింహానికి మొహం యాడిది? ఎప్పుడో పోయింది గదమ్మే" అంది అమ్మ. "గుర్రానికి కాళ్ళు లేవు. ఆ చెట్టయితే నువ్వు బడికి పోకముందే పోయింది. పాత పైసా మాదిరి అంతా నున్నంగా ఉండేది. నేనే గదా తోమి తోమి పోగొట్టినా."

ఆ బిళ్ళను నేను చూసింది తక్కువ, విన్నదే ఎక్కువ.

"మరి నాయన ఏమీ అనలేదా?"

"ఒక్క మాట అనలా. శనివారం రాగానే తెచ్చి చేతిలో పెట్టేవోడు. అన్నాలకాడ మీ చేత చెప్పించింది ఎందుకనుకున్నావు? దాని మీద ఒక్కోటే పోతా ఉంటే, మీ నోట్లోనన్నా ఉండాలని."

అరవై ఏళ్ళు. తోమొద్దే అని ఒక్క మాట అనలేకపోయాడా ఆ మనిషి? పరదా గులాబీ రంగన్నందుకు నన్ను గోడవైపు నిలబెట్టినవాడు, ఆమెను మాత్రం ఏమీ అనలేదు. ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. కొవ్వొత్తుల పొగకని అనుకోనీలే అని ముక్కు చీదుకున్నాను.

అమ్మ ఇంకా రేకును తడుముతూనే ఉంది. "గుచ్చుకుంటా ఉండాది. వచ్చే శనివారం చింతపండు, ఇటికపొడి తే."

"అది అరగడానికి అరవై ఏళ్ళు పట్టిందమ్మా."

"ఊరికే కూర్చుంటే అసలు అరగదు గదా."

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. అప్పటినుంచి ప్రతి శనివారం ఆటో, చింతపండు పొట్లం, ఇటికపొడి డబ్బా, నీళ్ళసీసా. దారిలో పలకరించిన ప్రతివాళ్ళకూ ఎక్కడికో, ఎందుకో చెప్పుకోవాలి. నాలుగు శనివారాలయ్యాయి, సింహం చెక్కుచెదరలేదు. మొన్న అమ్మ చెయ్యి నొప్పెడుతోందని మధ్యలో ఆపింది. నేను కొంగు దోపుకుని, డబ్బా దగ్గరికి లాక్కుని, సింహం మొహం మీద తోమడం మొదలుపెట్టాను.