వాతావరణం చెప్పే చెల్లెలు

హోటల్ బట్టలు ఉతికే చోట అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. నేలమాళిగలో, ఎప్పుడూ ఆవిరి కమ్ముకుని ఉండే ఆ గదిలో, దుప్పట్లూ దిండు గలీబులూ బల్లగుడ్డలూ ఆమె చేతికింద నుంచి కొత్త కాగితాల్లా బయటికి వచ్చేవి. మాటకు మాట అంటించే మనిషి. ఎవరితోనూ పేచీ లేదు. కానీ సాయంత్రం వార్తల వేళ దగ్గరపడితే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను" అనేది. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్న మనిషి పొయ్యి మీద పాలెలా పెట్టిందని ఎవరైనా అడిగేలోపే మెట్లెక్కి వెళ్ళిపోయేది.

ఆ పరుగంతా చెల్లెలి కోసం.

చెల్లెలు టీవీలో వాతావరణం చెప్పేది. వార్తలన్నీ అయ్యాక పటం ముందు నిలబడి, ఎక్కడ వాన పడుతుందో, ఎక్కడ ఎండ మాడ్చేస్తుందో చెప్పి, చివర్లో చిన్నగా నవ్వి వెళ్ళిపోయేది. ఆ నవ్వు చూసేవాళ్ళందరికీ. అక్క మాత్రం తనకే అనుకునేది. అలా అనుకోకపోతే ఆ ఇద్దరి మధ్యా మిగిలిందేమీ లేదు మరి.

తల్లి పోయేనాటికి చెల్లెలిది పలక పట్టిన వయసు. తండ్రి ఉన్నా లేనట్టే. జడ వేయడం, ముక్కు తుడవడం, పాఠం అప్పజెప్పించుకోవడం అన్నీ అక్కే. పిల్ల నోరు విప్పితే ఆగేది కాదు, అందుకని ఇంట్లో 'పిచ్చుక' అనేవారు. అక్క పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టినప్పుడు పిచ్చుకనూ వెంట తెచ్చుకుంది. బావ కాదనలేదు. బస్సులు బాగుచేసే షెడ్డులో ఆయన మెకానిక్. మనిషి మంచివాడే, తాగితే మాత్రం మనిషే కాదు. అలా తాగి పనిలోకి వెళ్ళి గెంటించుకుని వచ్చిన రోజున పిచ్చుక ఊరుకోలేకపోయింది.

"అక్కా, ఈయన మునిగి నిన్ను కూడా ముంచుతాడు. ఎన్నాళ్ళు మోస్తావే ఈ మనిషిని?" అంది, ఆయన ఎదురుగానే.

బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఎవరు కావాలో నువ్వే తేల్చుకో."

అక్క ఏమీ తేల్చుకోలేదు. పొయ్యి వైపు తిరిగి గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. పిచ్చుక పూర్తి అంగీకారమే అనుకుంది. బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్క ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆ నంబరే పోయింది. ఆ దెబ్బకో, భార్య ముఖం చూసో, బావ తాగుడు మానేశాడు. మళ్ళీ షెడ్డులో చేరాడు. ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఏళ్ళు గడిచాక ఒక సాయంత్రం ఛానళ్ళు తిప్పుతుంటే పిచ్చుక తెర మీద కనిపించింది. అక్క రిమోట్ పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే నేలమీద కూలబడింది. ఛానల్ ఆఫీసుకు ఫోన్ చేద్దామని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉంది. కానీ చేశాక, 'నాకు అక్క లేదు' అంటే? కనిపిస్తోంది కదా, అది చాలనుకుంది. భర్తది సాయంత్రం డ్యూటీ కాబట్టి ఆయనకు చెప్పాల్సిన అవసరమూ పడలేదు.

ఇలా ఉండగా ఒకరోజు చెల్లెలి జుట్టు తేడాగా కనిపించింది.

పిచ్చుకకు నుదుటి పైన ఎడమ పక్కన సుడి ఉంది. ఎంత నూనె రాసి దువ్వినా అక్కడి వెంట్రుకలు పడుకోవు, కోడిజుట్టులా లేచి నిలబడతాయి. తెర మీద కూడా ఎప్పుడూ ఆ పక్క కాస్త ఎత్తుగానే ఉండేది. ఆ సాయంత్రం లేదు. జుట్టంతా నీళ్ళు పోసినట్టు నున్నగా ఉంది. అక్క టీవీకి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి చూసింది. అది దాని జుట్టు కాదు. విగ్గు. తర్వాతి రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. పటం మీద చూపించే చెయ్యి సగం లేచి దిగిపోతోంది. అంత రంగు పూసినా కళ్ళకింద నలుపు ఆగడం లేదు. ఎవరికీ పట్టినట్టు లేదు. పక్కింటావిడ "ఈ అమ్మాయి సన్నబడి భలే ఉంది" అని కూడా అంది. అక్క మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఛానల్ పోయింది.

వార్తల వేళకు టీవీ పెడితే చెల్లెలు ఉండాల్సిన చోట నీలం రంగు తెర, దాని మీద 'ఈ ఛానల్ ప్రస్తుతం అందుబాటులో లేదు' అన్న ముక్క. అక్క తీగ ఊపింది, పెట్టె ఆపి పెట్టింది, చివరికి కేబుల్ ఆయనకు ఫోన్ చేసింది.

"మా చేతుల్లో ఏం లేదమ్మా. రేటు ఇంత పెంచాలని ఛానల్ వాళ్ళు, పెంచేది లేదని పైన మా కంపెనీ వాళ్ళు. ఎద్దులు కుమ్ములాడి లేగల కాళ్ళు విరగ్గొట్టినట్టు, తిట్లు మాత్రం నాకు."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"వాళ్ళకు బుద్ధొచ్చినప్పుడు. అందాకా వేరే వార్తలు చూడండమ్మా. ఎవరు చెప్పినా అదే వాన, అదే ఎండ."

ఫోన్ పెట్టేసి అక్క చాలాసేపు ఆ నీలం తెరనే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ చెల్లెలు బతికే ఉందని రోజూ ఒకసారి కబురు అందేది. ఇప్పుడు అదీ తెగిపోయింది.

ఆ మర్నాటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మేడ మీద ఎవరో వదిలేసి వెళ్ళిన పాత యాంటెన్నా ఉంటే కిందికి తీగ లాగించి, తానే పైకెక్కి నాలుగు దిక్కులా తిప్పింది. కింద నుంచి పక్కింటావిడ "చుక్కలు, చుక్కలు... ఆఁ, ఎవరో వ్యవసాయం గురించి చెబుతున్నారు... మళ్ళీ చుక్కలు" అని అరిచింది. ఉచితంగా వచ్చే ఛానళ్ళే గాలిలో దొరుకుతాయనీ, ఇది దొరకదనీ కరెంటు సామాన్ల కొట్టతను చెప్పేదాకా ఆమెకు తెలియదు. సరే డిష్ పెట్టిద్దామనుకుంది. ఇంటి యజమాని గోడకు మేకు కొట్టనిచ్చేవాడు కాదు. ఆయన కాళ్ళావేళ్ళా పడి ఒప్పిస్తే, డిష్ బిగించే అతను వచ్చి కిటికీలోంచి ఆకాశం వైపు చూసి పెదవి విరిచాడు.

"ఎదురుగా అంత పెద్ద భవనం లేచింది కదమ్మా. డిష్ చూపు దాన్ని దాటి పోదు. డబ్బు దండగ, నా మాట వినండి."

ఆ భవనం కట్టినన్నాళ్ళూ దుమ్ముకు తప్ప అక్క దాన్ని ఇంకెందుకూ తిట్టుకోలేదు. ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి నోటికొచ్చినట్టల్లా తిట్టింది. డిష్ అతను బిత్తరపోయి, కింద పెట్టిన సంచీ మళ్ళీ భుజానికెత్తుకుని జారుకున్నాడు.

అప్పుడు తట్టింది, హోటల్ గదుల్లో టీవీలున్నాయని. హోటల్‌కు కేబుల్ వేరు. నేలమాళిగ వాళ్ళు గదుల అంతస్తుల్లోకి వెళ్ళకూడదు. అయినా ఒక సాయంత్రం ఇస్త్రీ చేసిన గలీబులు చేతుల నిండా పెట్టుకుని, పని మీద వెళ్తున్నట్టు లిఫ్ట్ ఎక్కింది. శుభ్రం చేయడానికి తలుపు తెరిచి ఉంచిన ఖాళీ గదిలోకి దూరింది. టీవీ పెట్టింది. ఛానల్ వచ్చింది! రాజకీయాలు, ప్రమాదం, ఆటలు... మంచం అంచున కూర్చుని చేతులు నలుపుకుంటూ కాచుకుంది.

వాతావరణం వచ్చింది. పటం ముందు వేరే అమ్మాయి.

వెనక తలుపు దగ్గర గదులు చూసే సూపర్‌వైజర్ వచ్చి నిలబడింది కూడా అక్కకు తెలియలేదు.

"ఇస్త్రీ అక్కా! గెస్టు మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నావా? ఎవరైనా చూస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, తెలుసా?"

అక్క తల తిప్పింది. ఆ ముఖం చూశాక సూపర్‌వైజర్‌కు తిట్లు నోట్లోనే ఆగిపోయాయి. "ఏమైంది?"

"అక్కడ మా చెల్లెలు ఉండాలి మేడమ్. లేదు."

ఎవరికీ చెప్పని సంగతి అలా బయటపడింది. సూపర్‌వైజర్ టీవీ ఆపి, తలుపు వేసి, అక్క ఫోన్ అడిగి తీసుకుంది. "ఇందులో ఆ ఛానల్ యాప్ వేసుకుంటే ఎక్కడున్నా చూడొచ్చు. పాత వార్తలు కూడా ఉంటాయి. నీకెవరూ చెప్పలేదా?"

"కేబుల్ ఆయన్ని అడిగాను, చెప్పలేదు."

"ఆయనెందుకు చెబుతాడు? తన పొట్ట తానే కొట్టుకుంటాడా?"

ఇన్నాళ్ళూ మేడలెక్కి, గోడలు పట్టుకు వేలాడి వెతికింది తన జేబులోనే ఉందన్నమాట. ఇంటికి వెళ్ళి అక్క ఒక్కొక్క రోజు వార్తలే వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయింది. వేరే అమ్మాయి, వేరే అమ్మాయి, మళ్ళీ వేరే అమ్మాయి. చివరికి పిచ్చుక దొరికింది. సముద్రతీరంలో గాలులు అంటూ మొదలుపెట్టి మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి బల్ల కోసం గాలిలో తడుముకుంది. వెనక పటం మారిపోయింది గానీ ఆమె కదల్లేదు. "క్షమించండి" అని మిగతాది గబగబా ముగించింది. చివర నవ్వలేదు. ఆ తర్వాత మరి కనిపించలేదు.

భర్త ఇంటికి వచ్చేసరికి అక్క ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన నిలబడే చూశాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని, ఈసారి కూర్చుని చూశాడు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావ్?"

"కనిపించిన రోజు నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఛానల్ మార్చేస్తారని."

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. గ్రీజు మరకల చేతుల్ని మోకాళ్ళకు రుద్దుకుంటూ ఉండి, "నువ్వు వెళ్ళు. నేనొస్తే అది తలుపు తియ్యదు," అన్నాడు.

ఛానల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ప్రకటనల కోసం ఒకటి నొక్కండి, ఫిర్యాదుల కోసం రెండు నొక్కండి అంటూ మర మనిషి మాట్లాడింది. అక్కల కోసం నొక్కాల్సిన అంకె అందులో లేదు. ఇక ఛానల్ ఆఫీసున్న ఊరికి రైలెక్కింది. ఆ ఊళ్ళో అద్దాల భవనం గేటు దగ్గర కాపలా అతను నవ్వాడు. "టీవీలో కనిపించేవాళ్ళకి రోజూ అక్కలూ తమ్ముళ్ళూ వస్తూనే ఉంటారమ్మా. సెలవులో ఉన్నారు. అడ్రసు ఇవ్వకూడదు. వెళ్ళండి."

అక్క వెళ్ళలేదు. గేటు ఎదురుగా కాలిబాట మీద నిలబడింది. ఎండ నెత్తి మీదికొచ్చినా కదల్లేదు. లోపలికి పోయే కార్లవైపు ప్రతిసారీ రెండడుగులు వేసి, అద్దాల్లోకి తొంగి చూసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం టీ కోసం బయటికి వచ్చిన ఒక పెద్దావిడ ఆమెను దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగింది.

"అచ్చం ఇలాంటి కనుబొమ్మలే రోజూ దిద్దేదాన్ని నేను. నువ్వు ఆ వాతావరణం చెప్పే పిల్లకేమవుతావ్?"

"అక్కను."

మేకప్ వేసే ఆ పెద్దావిడ ఆశ్చర్యంగా చూసింది. "తనకెవరూ లేరని చెప్పిందే!"

ఆ మాట అక్కకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా దిగమింగుకుని, "ఎక్కడుందో చెప్పండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది.

పెద్దావిడ టీ మాట మరిచిపోయి ఆటో పిలిచింది. దారిలో చెప్పింది: రక్తానికి పట్టిన జబ్బు. ఉద్యోగం పోతుందేమోనని చివరిదాకా దాచింది. విగ్గు పెట్టేది, చెమట అద్దేది ఈ పెద్దావిడే. ఆ రోజు తెర మీద తూలిన తర్వాత నేరుగా ఆసుపత్రికే తీసుకుపోయారు.

వార్డులో చివరి మంచం మీద పిచ్చుక దుప్పటిలో ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత చిన్నదైపోయింది. తలకు స్కార్ఫ్ చుట్టుకుంది. అక్కను చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"నీ సుడి కనపడలేదు."

నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి వెళ్ళింది. పిచ్చుక గోడతోనే అంది:

"ఆ రోజు నువ్వొక్క మాట అని ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదే. గరిటె తిప్పుకుంటూ ఉండిపోయావ్."

"నోరు రాలేదు."

"ఇప్పుడొచ్చిందా? అయితే ఇప్పుడను."

అక్క దగ్గరికి జరిగింది. మంచం ఇనుప కమ్మీ పట్టుకుని, "వెళ్ళకే," అంది. "నన్ను వదిలి వెళ్ళకే."

పిచ్చుక ఇటు తిరిగింది. వాదించడానికి నోరు తెరిచింది గానీ ఏడుపే వచ్చింది. అక్క మంచం ఎక్కి కూర్చుని, ఎముకలు గుచ్చుకుంటున్న ఆ భుజాల్ని పొదివి పట్టుకుంది.

డాక్టర్లు గట్టి మాట ఏదీ చెప్పలేదు. 'చూద్దాం' అన్నారు. అక్క ఆ మాట పట్టుకునే అక్కడ ఉండిపోయింది. మందు ఎక్కించిన రోజుల్లో పిచ్చుక తిన్నదంతా కక్కుకునేది, నోరంతా పుళ్ళు, గొంతు బొంగురుపోయి మాట పెగిలేది కాదు. ఈలోగా కంపెనీ, ఛానల్ రాజీ పడ్డాయనీ ఇంట్లో మళ్ళీ బొమ్మ వస్తోందనీ భర్త ఫోన్‌లో చెప్పాడు. అక్క "ఊఁ" అంది. ఆ అద్దాల పెట్టె ఇప్పుడెవరికి కావాలి? చెల్లెలికి ఆ పూట సూప్ నిలిచిందా లేదా అన్నదే లోకమంతా.

ఒక ఆదివారం భర్త వచ్చాడు. సంచీ నిండా నారింజలు తెచ్చి, వార్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావడానికి కాళ్ళు రాక వరండాలోనే నిలబడిపోయాడు. వచ్చేపోయే నర్సులు ఆయన్ను తప్పుకుని నడుస్తున్నారు. అక్క ఆయన్ను చూసింది, చెల్లెల్ని చూసింది.

పిచ్చుక దిండు మీంచి తల కాస్త ఎత్తింది. అప్పటికి మాట గుసగుసలా మాత్రమే వచ్చేది.

"బావను లోపలికి రమ్మనవే. అక్కడ దారికడ్డంగా ఉన్నాడు."