తెరుచుకోని దవడ

ఆ రోజు పొద్దున ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతే దవడ సగంలోనే ఆగిపోయింది. చాలా నెలలుగా ఆవులించినప్పుడల్లా కుడి చెవి ముందు టక్కుమని చప్పుడు వచ్చేది. పట్టించుకోలేదు. ఆ రోజు చప్పుడూ లేదు, నోరూ తెరుచుకోలేదు. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టలేదు.

మాది గౌలిపుర. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాకు నోరెక్కువని గల్లీ అంతా అంటుంది. ఆ నోరే మూతపడితే నవ్వు రాలేదు, భయమేసింది. మా అన్నకు కూడా మొదట నోరు తెరుచుకోవడమే తగ్గింది. గుట్కా అలవాటు. క్యాన్సర్ అని తేలేసరికి చేయి దాటిపోయింది. నాకు గుట్కా అలవాటు లేదు, అయినా అదే రోగం అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా పాలలో రొట్టె నానబెట్టుకుని మింగాను.

మా ఆయన కనిపెట్టి, చాంద్రాయణగుట్టలో కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్లాడు. "నా మణికట్టు ఇరిగితే సక్కగ చేసిండు. దవడ ఎంత?" అన్నాడు. మా వైపు ఎముక బెణికినా విరిగినా ముందు గుర్తొచ్చేది పహిల్వానే. ఆయన నూనె రాసి, బొటనవేళ్లు నోట్లో పెట్టి ఒక్క గుంజు గుంజాడు. కళ్లు బైర్లు కమ్మాయి. మర్నాటికి చెంప ఉబ్బి, చెంచా దూరడం కూడా కష్టమైంది.

సంగతి తెలిసి లాల్‌దర్వాజా నుంచి మా వదిన వచ్చింది. పోయిన అన్న భార్య. నా మొహం చూసి, కూర్చోను కూడా లేదు.

"మీ అన్న గిట్లనే దాసిండు. నువ్వు దాస్తే ఊకుంటననుకున్నవా? చీర మార్చుకో, నడువు."

దంత వైద్యశాలలో డాక్టరమ్మ నోరంతా లైటు వేసి చూసింది. నా చెవుల ముందు వేళ్లు ఆనించి నోరు తెరవమంది. ఎంఆర్ఐ తీయించింది. రిపోర్టు చూశాక చెప్పింది.

"క్యాన్సర్ కాదమ్మా. టీఎంజే, అంటే దవడ కీలు. నోరు తెరిస్తే అది మొదలు తిరుగుతది, తర్వాత కొంచెం ముందుకు జారుతది. నడుమ మెత్తటి డిస్క్ ఉంటది. మీది జరిగి ముందట అడ్డం పడ్డది. పండ్లతోని ఏమన్న కొరుకుతరా?"

"దారం" అన్నాను. రోజంతా హుక్కులు కుట్టి పళ్లతోనే తెంపేదాన్ని. మా ఆయన మణికట్టు బాగు చేసిన పహిల్వానే నా దవడ గుంజాడని కూడా చెప్పాను.

"గది కూడ కారణం కావొచ్చు. పహిల్వాన్ చెయ్యి బాగ చేసిండేమో గాని, దవడను ఇంక గుంజనియ్యకుండ్రి."

వదిన అక్కడే, అందరి ముందే ఏడ్చేసింది. "మీ అన్నకు గూడ ఎవలన్న ఈ మాట చెప్తే ఎంత బాగుండు" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె ముందు అలా సంతోషించినందుకు సిగ్గేసింది.

పళ్ల మీద తొడుక్కునే స్ప్లింట్ ఇచ్చారు. వేడి కాపడం, మెత్తటి తిండి, దవడకు వ్యాయామాలు. తగ్గిందనుకునేలోపు మళ్లీ పట్టేసింది. ఈసారి కీలులోకి సూదులు వేసి కడిగారు. ఆర్థ్రోసెంటెసిస్ అట. ఆ తర్వాతే మెల్లగా దారికొచ్చింది.

ఇప్పుడు దాదాపు మూడు వేళ్లు పడుతున్నాయి. మాంసం బాగా ఉడికితేనే తింటాను. చలికాలం పొద్దున్నే దవడ బిగుస్తుంది.

నోరు తెరుచుకోకపోతే ఎవరితోనూ లాగించుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి. "కాదు" అన్న మాట వినేటప్పుడు కూడా పట్టుకోవడానికి పక్కన ఒక చెయ్యి కావాలి.