ఇరవై మూడో తువ్వాలు

జులై పన్నెండు. పొద్దున్నుంచి సన్నటి తుంపర. ధోబీకి దుప్పట్లు పద్నాలుగు, తువ్వాళ్ళు ఇరవై మూడు లెక్కపెట్టి వేశాను. గదుల్లోంచి వచ్చినవి ఇరవై రెండే.

మా మేనేజరుగారు పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో మా లాడ్జికి వచ్చిపోయేవాళ్ళకూ, ఆబిడ్స్‌లో ఆయన రోజూ చాయ్ తాగే చోట పరిచయమున్నవాళ్ళకూ తెలియాలని రాస్తున్నాను. షుగర్‌తో పోయారని ఇంట్లోవాళ్ళు చెబుతున్నారు. అది సగం నిజం. మిగతా సగం బయటపెట్టడం ఆయనకు ఇష్టం ఉండదు. అయినా పెడతాను. దాచిపెట్టుకుని ఆయన బాగుపడింది ఏమీ లేదు.

ఏడో తరగతి వదిలేసి ఈ లాడ్జికి వచ్చినప్పుడు నాకు రాత సరిగా రాదు. ఆయనే రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. "చూసింది రాయి తమ్మీ. అనుకున్నది రాయకు" అన్నారు. అప్పటి నుంచి లాడ్జి రిజిస్టరుతో పాటు సొంతానికి ఒక నోటుబుక్కు కూడా రాస్తున్నాను. రోజూ వాన, ఎండ, చేసిన పని, అంతే.

ఆయన మాటలన్నీ తాళాల గురించి, గదుల గురించి ఉండేవి. తాళం విరిగిన సంగతి దాచే గిరాకీల మీద ఆయనకు మంట. "ముందుగాల చెప్తే తాళం బాగుచేస్తం. దాస్తే తలుపు పగలగొడ్తం. పైసలు నీయే, ఇజ్జత్ నీదే" అని మొహం మీదే అనేవారు.

ఆరేళ్ళ కింద ఒకరోజు ధోబీ మూట కడుతుంటే నన్ను పక్కకు పిలిచారు.

"ఈ లుంగీ నీదేనా?"

"ఔ సార్."

"రక్తపు మరక ఏంది?"

లుంగీని మడిచి మూటలోకి తోశాను. అప్పటికి మూడు నెలలుగా బాధపడుతున్నాను. అంగం మీద ముందు చర్మం బిగుసుకుపోయి వెనక్కి వచ్చేది కాదు. మూత్రం పోసేటప్పుడు లోపల నిండి బుడగలా ఉబ్బేది, తర్వాత మంట. బలవంతంగా లాగితే అంచు చీలేది. మానిన చోట ఇంకా బిగిసేది. పెళ్ళి సంబంధం వస్తే వద్దని చెప్పాను. ఎందుకు వద్దన్నానో అమ్మకు చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. కానీ ఆయన అడిగింది నేను జవాబు చెప్పనక్కర్లేని ప్రశ్న.

"తోలు బిగిసిందా? సిగ్గేంది, మొగోళ్ళకు వస్తది. పా పోదాం."

డాక్టరు దగ్గర ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చున్నారు. లోపల డాక్టరు చూసి, "దీన్ని ఫైమోసిస్ అంటరు. చిన్నపిల్లలకు మామూలే. పెద్దయినంక కొత్తగ బిగుస్తే ఎందుకని చూడాలె. షుగర్ పరీక్ష చేయించు" అన్నాడు. లాగొద్దన్నాడు. లోపల సబ్బు పెట్టకుండా గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టుకోమన్నాడు. కొన్ని వారాలు రాసుకోవడానికి ఒక మందు ఇచ్చి, మెల్లగా ఎంతవరకు జరపాలో చూపించాడు. "వెనక్కి పోయినంక మళ్ళ ముందుకు తెచ్చుకో. గాడనే ఇరికి వాచిందనుకో, ఇంటికాడ కూసోకు, సీదా దవాఖానకు రా. మందుతో తగ్గకపోతే సున్తీ లెక్క చిన్న ఆపరేషన్ ఉంటది. పుండో గడ్డో కనబడితే మాత్రం మందు రాసుకుంట ఉండకు, వెంటనే చూపించు."

బయటికొచ్చాక మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్ళి నాకు సీతాఫలం ఐస్‌క్రీం ఇప్పించారు. తను తినలేదు, షుగర్. నిలబడి అడుగుతూనే ఉన్నారు.

"మందు రోజుకు ఎన్నిసార్లు? లోపలికా, అంచుకా? సబ్బు అస్సలొద్దన్నడా? షుగరున్నోళ్ళకు ఏమన్న చెప్పిండా?"

నా మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను. కన్నతండ్రి కూడా అడగనివి అడుగుతున్నారని కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నోటుబుక్కులో అదే రాశాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే ఒళ్ళు మండుతుంది.

నాకు నెలన్నరలో నయమైంది. మందు మాత్రం అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. గూట్లో పెట్టిన ట్యూబు నేను నొక్కని చోట నొక్కి ఉండేది. నయమయ్యాక కూడా ఆయన, "జర ఇంకో ట్యూబు రాపిచ్చుకో. ఉంటే మంచిది" అన్నారు. అప్పుడు అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోయాను. రాయించి తెచ్చి అదే గూట్లో పెట్టాను. ఒకసారి కాదు.

నన్ను లోపలికి పంపి, బయట కూర్చుని, నా వైద్యమే తనూ చేసుకున్నారు. ఆయనకున్నది నాకున్నదే అని ఏ డాక్టరు చూసి చెప్పాడు?

తర్వాత తర్వాత ఆయన బాత్రూంలో చాలాసేపు ఉండేవారు. నీళ్ళు పట్టే మల్లేశు బయట నిలబడి, "సారు లోపల గూడ రిజిస్టరు రాస్తున్నడా ఏంది?" అనేవాడు.

"ఔరా, హాజరు పట్టీల నీ పేరు కొట్టేస్తున్న" అని లోపలి నుంచి జవాబు.

అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. ఆయన వాడిన మరకల తువ్వాళ్ళు ధోబీ మూట కట్టేటప్పుడు నా చేతికే వచ్చేవి. నా లుంగీ చూసి ఆయన అడిగినట్టు నేను అడగలేదు. చూసింది రాయమన్నారు కదా, రాయనూ లేదు. ఆ ఏళ్ళ పేజీల్లో వాన ఉంది, ఎండ ఉంది, నల్లా రిపేరు ఉంది.

ఒకే ఒక్కసారి ధైర్యం చేశాను. "సార్, డాక్టరు కాడికి పోదాం. నేను బయట కూసుంట."

"నాకేమైంది? నీ ఫికర్ నువ్వు చూస్కో" అని కసిరారు. తర్వాత తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, తగ్గిన గొంతుతో అన్నారు. "కోస్తడు తమ్మీ. షుగరోళ్ళకు కోసుడే అంటరు. రేపు నేను పోతే స్నానం పోస్తరు గదా, మా అన్న కొడుకులు చూస్తరు. ముసలితనంల సున్తీ చేయించుకున్నడు, మతం మారిండా, ఏం రోగం తెచ్చుకున్నడు అనుకుంటరు. పోయినంక జవాబు చెప్పుకోను నేనుంటనా?"

"అది మతం ముచ్చట కాదు సార్, దవాఖాన ముచ్చట."

"నీకు ఎర్క, నాకు ఎర్క. చాదర్‌ఘాట్ల మా వాడకట్టుకు ఎర్కనా?"

ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు.

ఈ ఏడాది గజ్జల్లో గడ్డలు వచ్చి, నడవలేని స్థితిలో ఆయన్ని ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాను. ఈసారి లోపలికి ఆయన వెళ్ళారు, బయట బల్ల మీద గొడుగు పట్టుకుని నేను కూర్చున్నాను. బిగిసిన చర్మం కింద పుండు ఎన్నాళ్ళుగానో ఉందనీ, క్యాన్సర్ అయి పైకి పాకిందనీ చెప్పారు. పరీక్ష చేయించుకోకుండా రాసుకున్న మందు దాన్ని దాచి ఉంచిందేమో అన్నారు. ఆ మందు ఎవరు తెచ్చి ఇచ్చారని అడగలేదు. ఆయన భయపడిన దానికంటే చాలా ఎక్కువే కోశారు. అదీ ఆపలేకపోయింది.

మంచం మీద నుంచి నాకు ఒకటే చెప్పారు. "నేను పోయినంక నీళ్ళు నువ్వే పొయ్యి."

ఆయన పోయాక చాదర్‌ఘాట్‌లో వాళ్ళ ఇంటి వాకిట్లో స్నానానికి పడుకోబెట్టారు. చెంబు అడిగితే అన్న పెద్దకొడుకు, "నువ్వేంది, మేం లేమా?" అన్నాడు.

"సారు చెప్పిన్రు."

చెంబు నా చేతిలో పెట్టాడు. లాడ్జి నుంచి తెచ్చిన తెల్ల తువ్వాలు ఆయన నడుం మీద కప్పి, దాని మీంచే నీళ్ళు పోశాను. ఎవరైనా తువ్వాలు ఎత్తితే చెయ్యి పట్టుకోవాలని కాచుకుని ఉన్నాను. తలెత్తి చూశాను. పెద్దవాడు గోడ చూస్తున్నాడు. చిన్నవాడు ఫోను చూస్తున్నాడు. పక్కింటివాళ్ళు మబ్బు చూస్తున్నారు. ఆయన ప్రాణం పెట్టి తప్పించుకున్న చూపు ఆ వాకిట్లో ఏ కంట్లోనూ లేదు.

కొత్త బట్ట కట్టి తీసుకెళ్ళాక ఆ తువ్వాలు తడి నేల మీద అలాగే ఉండిపోయింది. దాన్ని పిండి లాడ్జికి తెచ్చుకున్నాను.

సాయంత్రం ఏడు. వాన ఆగలేదు. ధోబీ మూట తెచ్చాడు, ఇంకా కొంచెం తడిగానే ఉన్నాయి. దుప్పట్లు పద్నాలుగు సరిపోయాయి. తువ్వాళ్ళు ఇరవై మూడు. ఇరవై రెండు అలమరాలో సర్దాను. ఇరవై మూడోది రిజిస్టరు ముందు ఆయన కుర్చీ మీద ఆరేసి, అది ఎవరిదో నోటుబుక్కులో రాశాను.